నాటకాల బడి మూసేశారా? అయితే ఆ మాట కాగితం మీద రాసివ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర సాంస్కృతిక శాఖ అధికారులకు,
మా పురపాలక సంఘం అధికారులకు, పాలకవర్గానికి,
నాటక పాఠశాల కమిటీ పెద్దలకు,

నమస్కారం.

మీకు బోలెడు పనులుంటాయని తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. మా ఊళ్లో మార్కెట్ వెనక ఉన్న నాటక పాఠశాలకు తాళం పడి మూడేళ్లు దాటింది. ఈ మూడేళ్లలో పూర్వ విద్యార్థులం మీ ముగ్గురికీ కలిపి పదకొండు అర్జీలు ఇచ్చాం. రెండుసార్లు కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లాం. రెండోసారి వెళ్లొచ్చిన నాలుగో రోజున నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మా అర్జీ పరిష్కారమైపోయిందని. సంతోషం పట్టలేక ఆటో కట్టించుకుని బడికి వెళ్లాను. తాళం తాళంలాగే ఉంది. మా అర్జీని వేరే ఆఫీసుకి పంపించడమే పరిష్కారమట. ఆ తరవాతే ఈ బహిరంగ లేఖ రాయాలనిపించింది.

ఊరి పేరు, కమిటీ పేరు ఇందులో రాయడం లేదు. పేర్లు రాస్తే ఇది ఎవరో ఒకరి మీద కోపంగా మారిపోతుంది, అసలు సంగతి పక్కకి పోతుంది. అర్జీల నకళ్లు, రసీదులు మీ ఫైళ్లలో ఉన్నాయి కాబట్టి ఎవరి గురించి మాట్లాడుతున్నానో మీకు తెలుసు.

ముందు ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఈ బడిని ఎవరూ మూయలేదు. అంటే, మూశామని ఎవరూ ఒప్పుకోరు. మునిసిపాలిటీని అడిగితే, కప్పు కారుతోంది, రిపేర్ల కోసం తాళం తీసుకున్నాం, నిధులు సాంస్కృతిక శాఖ నుంచి రావాలి అంటారు. సాంస్కృతిక శాఖను అడిగితే, అంతకుముందు ఇచ్చిన గ్రాంటుకు యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చూపే కాగితం రాలేదు, పైగా బడిని నడిపే సొసైటీ కాగితాలు సరిగా లేవు, కమిటీని అడగండి అంటారు. కమిటీ పెద్దల్ని అడిగితే, లీజు అయిపోయింది, మునిసిపాలిటీ పొడిగిస్తే తప్ప మేమేం చేయగలం అంటారు. ముగ్గురూ చెప్పింది నిజమే, అందులో నాకు అనుమానం లేదు. ఒకరి చేతిలో తాళంచెవి, ఒకరి చేతిలో డబ్బు, ఒకరి చేతిలో సొసైటీ కాగితాలు. ముగ్గురూ ఒక గదిలో ఒక్కసారి కూర్చుంటే సాయంత్రానికి తేలిపోయే వ్యవహారం ఇది. ఆ ఒక్కసారి మూడేళ్లలో రాలేదు.

సమాచార హక్కు చట్టం కింద నేను ఒక్కటే ప్రశ్న అడిగాను: పాఠశాల మూసివేత ఉత్తర్వు నకలు ఇవ్వండి అని. ముప్పై రోజుల గడువు దాటాక, రిమైండర్ వేశాక జవాబొచ్చింది. అలాంటి ఉత్తర్వు ఏదీ తమ రికార్డుల్లో లేదట. ఉత్తర్వు ఉంటే దాని మీద అప్పీలుకి వెళ్లొచ్చు, కోర్టుకి వెళ్లొచ్చు, కనీసం పేపర్లో వార్త వేయించొచ్చు. లేని ఉత్తర్వు మీద ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మన రాష్ట్రంలో కళాసంస్థలు మూతపడడం కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1957లో ఏర్పడిన సంగీత నాటక అకాడమీని 1983లో ప్రభుత్వం రద్దు చేసింది. దాన్ని సమర్థించినవాళ్లు ఉన్నారు, తిట్టిపోసినవాళ్లూ ఉన్నారు. బడిలో మాకు నేర్పిన మాస్టారు రెండో రకం. కానీ అప్పుడు రద్దు చేస్తున్నామని చెప్పి చేశారు. చెప్పారు కాబట్టే ఎదురు వాదించడానికి ఒక ఆధారం దొరికింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది, అకాడమీలు చేసే పని చాలావరకు దాని కిందికి చేరింది. అది చాలిందా లేదా అన్నది వేరే చర్చ. మా బడి విషయంలో ఆ మాత్రం మర్యాద కూడా జరగలేదని నా బాధ.

ఇక బడి గురించి. మీ ఫైలులో దాని చరిత్ర రెండు పేరాలుంది. అందులో లేనిది కొంచెం చెబుతాను.

నాటక పాఠశాల అన్నది బోర్డు మీది పేరు. ఊరందరికీ నాటకాల బడే. ఆటో ఎక్కినా అలా చెబితేనే తీసుకెళ్తారు. ఒక రైస్ మిల్లు యజమాని, రిటైరైన హెడ్మాస్టరు, ఒక హార్మోనిస్టు కలిసి దాన్ని పెట్టారు. మిల్లు యజమానికి పద్యాల పిచ్చి. చుట్టుపక్కల ఎక్కడ రాయబారం సీను ఉందని తెలిసినా ఆ రాత్రి ఇంట్లో ఉండేవారు కాదట. మొదట్లో ఆయన గోడౌన్‌లోనే, ధాన్యం బస్తాల మధ్యే క్లాసులు. తరవాత మునిసిపాలిటీ పాత సత్రాన్ని నామమాత్రపు అద్దెకు లీజుకిచ్చింది. రెండేళ్ల కోర్సు, సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా. పగలు పనులకు వెళ్లేవాళ్లే ఎక్కువ చేరేవారు: టైలర్లు, డిగ్రీ పిల్లలు, బట్టల షాపు గుమాస్తాలు, ఒకసారైతే ఒక కానిస్టేబుల్.

నేను ఇంటర్ అయ్యాక చేరాను. మా ఇంట్లో పెద్ద గొడవ. ఆడపిల్లని నాటకాల్లోకి పంపుతారా అని మా నాయనమ్మ అన్నం మానేసింది. మాస్టారే ఇంటికొచ్చి ఆవిడ పక్కన అరుగు మీద కూర్చుని గంటసేపు మాట్లాడారు. నాటకం ఊసే ఎత్తలేదు, ఆవిడ చిన్నప్పుడు విన్న హరికథల గురించే అడుగుతూ కూర్చున్నారు. చివరికి ఆవిడ ఒక షరతు పెట్టింది: తమ్ముడు తోడు వెళ్లాలి అని. వాడు కాపలాకి వచ్చి లైటింగ్ నేర్చుకున్నాడు. ఇప్పుడు పెళ్లిళ్లకి, జాతర్లకి లైటింగ్ పెట్టి ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాడు. నేను మటుకు టీచర్నయ్యాను.

మొదటి మూడు నెలలు పద్యానికి రాగం తీయనిచ్చేవారు కాదు. పద్యాన్ని మాటలాగే చెప్పాలి. "ఎవరితో అంటున్నావు, ఎందుకంటున్నావు? ఆ రెండూ తెలిస్తే రాగం వెనకే వస్తుంది అమ్మాయ్" అనేవారు మాస్టారు. ఇంకో పరీక్ష ఉండేది. హాలు తలుపులు బార్లా తీసి ఉంచేవారు. ఆవరణ చివర వేపచెట్టు, దాని కింద వాచ్‌మన్ తాత కుక్కిమంచం. మనం స్టేజి మీద నిలబడి అరవకుండా, గుసగుసలాడినట్టు ఒక మాట అనాలి. అది తాతకి వినిపిస్తే చెయ్యెత్తుతాడు. వినిపించకపోతే బీడీ వెలిగిస్తాడు. చేరిన మొదటి నెలంతా నా పుణ్యమా అని తాత కట్టలు కట్టలు బీడీలు కాల్చాడు. తాత చెయ్యెత్తిన రోజు నాకింకా గుర్తుంది. "నువ్వెందుకు రాలేదు" అన్న రెండు ముక్కల మాట అది. గొంతు పెంచడం వల్ల వినిపించలేదు. పొట్టలోంచి ఊపిరి పట్టి, చివరి అక్షరాన్ని మింగకుండా వదిలితే వినిపించింది. ఇవాళ అరవై మంది పిల్లలున్న క్లాసులో మైకు లేకుండా, గొంతు బొంగురుపోకుండా రోజుకి ఆరు పీరియడ్లు చెబుతున్నానంటే ఆ వేపచెట్టే కారణం.

మేకప్ మామయ్య ఒక ట్రంకుపెట్టె తెరిచి కూర్చునేవాడు. ముఖానికి ముందు కొబ్బరినూనె, ఆ పైన రంగు. అదే కృష్ణుడు, కానీ పల్లెలో ట్యూబులైట్ల కింద నీలం ఎంత వేయాలి, నాటక పరిషత్ పోటీల్లో పెద్ద లైట్ల కింద ఎంత తగ్గించాలి, ముసలి పాత్రకి ముడత ఎక్కడ గీయాలి అన్నీ చెప్పేవాడు. నవ్వితే ముఖంలో ఎక్కడ మడత పడుతుందో అక్కడే గీయాలి, అద్దంలో చూసి నవ్వండి అనేవాడు. ప్రాంప్టింగ్ కూడా ఒక సబ్జెక్టే మాకు. నటుడు మరిచిపోయాడా, కావాలని ఆగాడా తెలుసుకుని తెర వెనకనుంచి మాట అందివ్వడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. ఇవి పుస్తకాల్లో దొరకవు. పక్కన కూర్చుని చూస్తేనే వస్తాయి.

మీలో ఒక అధికారి మాతో ఎంతో మర్యాదగా మాట్లాడారు, టీ కూడా ఇప్పించారు. అయితే ఒక మాటన్నారు: "నటన రక్తంలో ఉండాలమ్మా, బడి పెడితే వస్తుందా?" అని. ఆ రోజు జవాబు తట్టలేదు. ఇంటికెళ్లాక తట్టింది. ఇక్కడ రాస్తున్నాను.

రక్తంలో నాటకం ఉన్నదంటే ముందు సురభి వాళ్లనే చెప్పుకోవాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడడంతో మొదలైన కుటుంబాలు. అక్కడ పిల్లలు డేరాలోనే పుట్టేవారు, నడక రాగానే స్టేజి ఎక్కేవారు, పొద్దున లేస్తే తెరలు మడవడం, రాత్రయితే స్టేజి పక్క వింగ్‌లో నిలబడి పెద్దల్ని చూడడం. దాన్ని రక్తం అంటారా? నేనైతే ఇరవై నాలుగు గంటల బడి అంటాను. డేరాలో పుట్టని మాలాంటివాళ్లకి ఆ చదువు సాయంత్రం రెండున్నర గంటలైనా కావాలి కదా.

కూచిపూడి సంగతి చూడండి. తరతరాలుగా కుటుంబాల్లోనే నడిచిన విద్య అది. దానికే ఒక బడి కావాలని పూనుకున్నవారిలో ముఖ్యులు ఏలూరు వకీలు, నటుడు బందా కనకలింగేశ్వరరావు గారు. అలా వచ్చిన సిద్ధేంద్ర కళాక్షేత్రం తరవాత తెలుగు విశ్వవిద్యాలయంలో భాగమైంది. వంశంలో ఉన్న విద్యకే బడి అవసరమైంది, మాకు అక్కర్లేదా?

అసలు తెలుగు నాటకం స్టేజి ఎక్కిందే ఒక బడిపంతులి చేతుల మీదుగా. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి వెళ్లాక, కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులకు నేర్పించి నాటకం ఆడించారు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16నే కదా మీరు తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుతున్నది. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టిన బళ్లారి రాఘవ గారు 1946లో కన్నుమూసిందీ అదే తేదీన. ఏటా ఆ రోజు దండలు వేస్తారు, ప్రసంగాలు చేస్తారు. పోయిన ఏడాది మా ఊరి సభలో నేనూ ఉన్నాను. సభ జరిగిన కల్యాణమండపానికి, తాళం వేసిన మా బడికి మధ్య దూరం నడిచి వెళ్తే ఐదు నిమిషాలు.

పెద్ద ఊళ్లకే ఇవి సాధ్యం అనుకోకండి. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా హెగ్గోడు పోకతోటల మధ్య ఉన్న పల్లె. 1949లో అక్కడ నీనాసం అన్న సంస్థ మొదలైంది, 1980లో నాటక శిక్షణ సంస్థ పెట్టారు, 1985 నుంచి తిరుగాట పేరుతో ఒక బృందం కర్ణాటకంతా తిరుగుతూ నాటకాలు వేస్తోంది. దాన్ని నడిపిన కె.వి. సుబ్బణ్ణ గారికి 1991లో మెగసెసే అవార్డు వచ్చింది. కేరళలో 1977లోనే త్రిశూర్‌లో కాలికట్ యూనివర్సిటీ డ్రామా స్కూలు పెట్టింది. మనకీ యూనివర్సిటీల్లో రంగస్థల కళల శాఖలున్నాయి, కాదనను. కానీ డిగ్రీ పాసై, హాస్టల్లో ఉండి చదువుకోగలిగినవాళ్లకే అవి అందుతాయి. పగలంతా మిషన్ కుట్టి సాయంత్రం సైకిలు మీద వచ్చే టైలర్‌కి కావాల్సింది మా బడి.

బడి మూతపడితే ఏమైంది, ఊరేం మునిగిపోలేదు కదా అనొచ్చు. మునిగినవాళ్లు కొందరున్నారు. వాళ్ల సంగతి చెబుతాను.

1. తాళం పడిన రోజుకి ఏడుగురు పిల్లలు కోర్సు మధ్యలో ఉన్నారు. మొదటి ఏడాది పరీక్షలు రాశారు. మార్కులు రిజిస్టర్లో ఉన్నాయి, రిజిస్టర్ బీరువాలో ఉంది, బీరువా హాల్లో ఉంది, హాలుకి తాళముంది. వాళ్లలో ఒకబ్బాయి యూనివర్సిటీలో రంగస్థల కోర్సుకి అప్లికేషన్ పెట్టుకుంటూ, ఏడాది పాటు నేర్చుకున్నానని ఒక్క కాగితం కావాలని ముగ్గురి చుట్టూ తిరిగాడు. ఆఖరి తేదీ దాటిపోయింది. ఇప్పుడు డెలివరీ బాయ్‌గా చేస్తున్నాడు. పాత విద్యార్థులకీ ఇదే అవస్థ. కళాకారుల పింఛనుకి అర్జీ పెట్టుకోవాలంటే ఇన్నేళ్లుగా ఈ పనిలోనే ఉన్నామని ఏదో ఒక రుజువు చూపాలి. ఆ రుజువులన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయి.

2. హార్మోనిస్టు గారికి డెబ్బై రెండేళ్లు. బడి ఇచ్చే గౌరవవేతనం చిన్నదే, కానీ నెలనెలా వచ్చేది. దాంతో ఆయన మందులు గడిచేవి. ఇప్పుడు శనివారం భజనలకి వాయిస్తున్నారు. ఆయన దగ్గర నేర్చుకునేవాళ్లు ఎవరూ లేరు. పద్యం పాడేవాడి వెనక హార్మోనియం వాయించడమంటే కచేరీలో వాయించినట్టు కాదు. నటుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, వన్స్‌మోర్ పడితే ఎక్కడినుంచి అందుకుంటాడో ముందే పసిగట్టాలి. ఆయన తరవాత మా చుట్టుపక్కల ఆ పని తెలిసినవాళ్లు ఇద్దరే ఉన్నారు. ఇద్దరూ అరవై దాటినవాళ్లే.

3. ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. బడి ఉన్నప్పుడు ఒక కట్టుబాటు ఉండేది. తొమ్మిదింటికల్లా రిహార్సల్ ఆపేయాలి, దూరం అమ్మాయిల్ని తెలిసిన ఆటోలో ఇంటి గుమ్మం దాకా దింపాలి, పోటీలకి వేరే ఊరు వెళ్తే ఒక టీచరమ్మ తోడుండాలి. ఆ కట్టుబాటు చూసే తల్లిదండ్రులు పంపేవారు. ఇప్పుడు రిహార్సళ్లు ఎవరి మేడ మీదో, షాపు వెనక గదిలోనో జరుగుతున్నాయి. అక్కడికి ఏ తల్లి పంపుతుంది? నా కూతుర్ని నేనే పంపను. ఫలితం ఏమిటంటే, మా ఊరి సమాజాలు ఆడపాత్రలకి పక్క జిల్లా నుంచి ఆర్టిస్టుల్ని పిలిపించుకుంటున్నాయి. ఆవిడ పొద్దున బస్సు దిగుతుంది, మధ్యాహ్నం ఒక్కసారి రిహార్సల్, రాత్రి నాటకం, తెల్లారకముందే మళ్లీ బస్టాండు. అర్ధరాత్రి బస్టాండులో మేకప్ పూర్తిగా తుడుచుకోకుండా కూర్చున్న ఆడమనిషిని జనం ఎలా చూస్తారో మీకు చెప్పక్కర్లేదు. రాఘవ గారు ఎప్పుడో పోరాడి గెలిచిన సంగతిని మేము మళ్లీ మొదటినుంచీ పోరాడాల్సి వస్తోంది.

4. ఆదివారాలు బడిపిల్లలకి ఉచితంగా బాలల నాటికలు నేర్పేవారు. నా క్లాసులో నత్తి ఉన్న పిల్లాడొకడు ఉండేవాడు. అటెండెన్స్‌లో "ప్రెజెంట్" అనలేక చెయ్యెత్తి ఊరుకునేవాడు. వాడు అక్కడ వేటగాడి వేషం వేశాడు. నాటకం నత్తిని నయం చేస్తుందని నేను అనను, నాకు తెలియదు. రాసిపెట్టిన డైలాగు చెప్పేటప్పుడు వాడికి మాట తడబడలేదు, అంతవరకే నేను చూశాను. ఆ మర్నాటినుంచి క్లాసులో చెయ్యెత్తడం మానేసి నోటితోనే పలికాడు.

5. కిరీటాలు, భుజకీర్తులు, గదలు అద్దెకిచ్చే షాపతను ఇప్పుడు స్కూళ్ల ఫ్యాన్సీ డ్రెస్ పోటీలకి చిన్న సైజువి తెచ్చి అమ్ముకుంటున్నాడు. బడి గేటు పక్క టీ బండి ఎప్పుడో తీసేశారు.

ఇప్పుడు హాల్లో ఏముందో మీకు తెలుసో లేదో. మొన్న వర్షాకాలంలో కిటికీ రెక్క ఊడితే లోపలికి చూశాను. స్టేజి నిండా బ్లీచింగ్ పౌడర్ బస్తాలు. పారిశుధ్యం వాళ్లు గోడౌన్‌లా వాడుకుంటున్నారు. కళ్లు మండిపోయాయి. బస్తాలకి రెండు గజాల దూరంలో మా రెండు హార్మోనియంలు, బట్ట కప్పి ఉన్నాయి. హార్మోనియంలో రీడ్లు ఇత్తడివి. బ్లీచింగ్ నుంచి వచ్చే ఆవిరికి, తేమకి ఇత్తడి పచ్చబడి తినేసుకుపోతుంది. రీడు నాలుక అలా పాడైతే శ్రుతి చెడిపోతుంది. ఆ పక్కనే మేకప్ మామయ్య ట్రంకుపెట్టె తుప్పుపట్టి ఉంది. బీరువాలో నాటకాల రాతప్రతులున్నాయి, మార్జిన్లో మాస్టారి చేతిరాతతో ఎవరు ఎటు నడవాలో, ఏ పద్యానికి ఏ రాగమో రాసి ఉన్నవి. వాటికి రెండో కాపీ లేదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఖాళీ గది కనిపించింది, బస్తాలు పెట్టుకున్నారు. అంతే. కానీ ఇంకో రెండు వర్షాకాలాలు గడిస్తే మీరు బడి తెరిచినా లోపల ఏమీ మిగలదు.

తప్పు మాదీ ఉంది, దాచుకోను. పూర్వ విద్యార్థులం వార్షికోత్సవానికి వచ్చి, ఫొటోలు దిగి, భోజనం చేసి వెళ్లిపోయేవాళ్లం. సర్వసభ్య సమావేశానికి ఒక్క ఏడాదీ వెళ్లలేదు. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకి ఇవ్వాలన్న సంగతి నాకు తెలిసిందే తాళం పడ్డాక. కమిటీ పెద్దలు ఎనభైల్లో ఉన్నారు. వాళ్లని నిందించే ముందు మేమెందుకు ఆ పని అందుకోలేదని మమ్మల్ని మేమూ అడుక్కోవాలి.

కాబట్టి మా కోరికలు ఇవి. పెద్ద కోరికలేం కావు.

1. బడి తెరిచి ఉందా, మూసేశారా అన్నది ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి. మూసేస్తే ఎవరు, ఏ నిబంధన కింద, ఏ కారణంతో మూశారో సంతకంతో ఇవ్వండి. మూయలేదంటే తాళం తీయండి. మిగతావన్నీ దీని తరవాతే.

2. ఉత్తర్వు కోసం ఆగకుండా వెంటనే బ్లీచింగ్ బస్తాలు తీయించండి. పూర్వ విద్యార్థులు ఇద్దరి సమక్షంలో పంచనామా చేసి లోపలి సామానుకి జాబితా రాయండి. హార్మోనియంలు, రాతప్రతులు గ్రంథాలయంలో గాని, మా హైస్కూల్లో గాని భద్రపరచండి. మా హెడ్మాస్టరు గారు ఒక బీరువా ఖాళీ చేసిస్తామన్నారు.

3. ఆ ఏడుగురికీ చదివినంతవరకు సర్టిఫికెట్లు ఇవ్వండి. పాతవాళ్లకి నకళ్లు ఇవ్వండి. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక సంతకం చాలు.

4. సత్రం కప్పు నిజంగా ప్రమాదకరమైతే ఇంజనీరు రిపోర్టు చూపించండి, మేమూ ఒప్పుకుంటాం. రిపేరయ్యేదాకా సాయంత్రం పూట ఏదైనా ప్రభుత్వ పాఠశాలలో రెండు గదులు ఇప్పించండి. రిపేరయ్యాక లీజు ఏడాదికోసారి కాకుండా కనీసం పదేళ్లకి రాయండి.

5. కమిటీ పెద్దలకు చేతులు జోడించి చెబుతున్నాను. సర్వసభ్య సమావేశం పిలవండి. కొత్తవాళ్లని, అందులో ఇద్దరు ఆడవాళ్లని తీసుకోండి. పాత లెక్కలు సర్దడానికి మా బ్యాచ్‌లో ఒక ఆడిటర్ ఉన్నాడు, ఊరికే చేస్తానన్నాడు. యుటిలైజేషన్ సర్టిఫికెట్ సంగతి అతనే చూసుకుంటాడు.

6. సాంస్కృతిక శాఖ వారు ఈ బడిని ఏదైనా విశ్వవిద్యాలయానికో, నాటక అకాడమీకో అనుబంధం చేసే విషయం ఆలోచించండి. కూచిపూడికి చేసిన మేలే ఇది. అప్పుడు ఒక కమిటీ ముసలిదైపోతే బడి మూతపడే పరిస్థితి రాదు.

ఏసీ ఆడిటోరియం అడగడం లేదు. మాస్టారి విగ్రహం కూడా వద్దు, ఆయన బతికుంటే నవ్వేవారు. 2023 డిసెంబరులో గుంటూరులో నంది నాటకోత్సవాలు ఘనంగా జరిగాయి. మా ఊరి నుంచి వెళ్లి చూసినవాళ్లం ఉన్నాం. ఉత్సవాలు తప్పకుండా జరగాలి. ఆ స్టేజి ఎక్కేవాళ్లు ఎక్కడో ఒకచోట నేర్చుకుని రావాలి కదా, ఆ చోటు గురించే మేము అడుగుతున్నది. గోడలకి సున్నం మేమే వేసుకుంటాం. కరెంటు బిల్లుకి నెలకింత అని చందాలు రాయడం మొదలుపెట్టాం.

వచ్చే ఏప్రిల్ 16 ఉదయం పది గంటలకి మేమంతా బడి గేటు దగ్గరికి వస్తున్నాం. ధర్నా కాదు, నినాదాలుండవు, మైకు కూడా పెట్టం కాబట్టి పర్మిషన్ గొడవా ఉండదనుకుంటున్నాను. హార్మోనిస్టు గారు అరువు తెచ్చిన పెట్టెతో వస్తారు. తాళం తీస్తే లోపల స్టేజి మీద, తీయకపోతే గేటు బయట నిలబడి రాయబారం సీను చదువుతాం. వాచ్‌మన్ తాత పోయి ఏడేళ్లయింది. వేపచెట్టు కింద ఆయన చోటు ఖాళీగానే ఉంది, మీకు అక్కడే కుర్చీలు వేయిస్తాం. మా మాట అక్కడిదాకా వినిపిస్తే చెయ్యెత్తండి.

వచ్చేటప్పుడు తాళంచెవి తీసుకురండి.

ఇట్లు,
నాటకాల బడి పూర్వ విద్యార్థుల తరఫున
ఒక తెలుగు టీచరు